నరాన్ని చుట్టుకుని ఉండే కణం - వేలూరు, గుడియాత్తం నేర్పిన సంగతులు

ఈసారి సంచికకు సైన్సు విషయం ఏదైనా రాయమని అడిగారు. నేను చదివింది బి.కాం., చేసింది ముప్పై నాలుగేళ్ళ బ్యాంకు గుమాస్తా ఉద్యోగం. అందులో కొంతకాలం గుడియాత్తంలో, మిగిలినదంతా వేలూరు చుట్టుపక్కల. అయినా ఈ విషయం రాయడానికి నాకు కొంత హక్కు ఉందనుకుంటున్నాను. మా మనుమరాలు ఫిజియోథెరపీ చదువుతోంది. దాని పుస్తకాలు అది నిద్రపోయాక నేను చదువుతాను. మా ఎదురింట్లో ఉండే పెద్దాయన ఒకప్పుడు కుష్ఠు నివారణ పనిలో సైకిలు మీద గుడియాత్తం తాలూకా ఊళ్ళన్నీ తిరిగిన పారామెడికల్ వర్కరు. సాయంత్రం పూట వారి అరుగు మీద విన్నదీ, రాత్రి పూట చదివినదీ కలిపి రాస్తున్నాను.

మీ జీవశాస్త్రం పుస్తకంలో నాడీ వ్యవస్థ పాఠం తెరవండి. న్యూరాన్ బొమ్మ పెద్దగా ఉంటుంది. తల, కొమ్మలు, పొడుగాటి తోక, అన్నిటికీ పేర్లు. పరీక్షలో ఆ బొమ్మ గీస్తే ఐదు మార్కులు. పక్కనే ఎక్కడో, ‘న్యూరాన్లకు ఆధారంగా గ్లియా కణాలు ఉంటాయి’ అని ఒక వాక్యం. అంతే. ఈ వ్యాసం ఆ ఒక్క వాక్యం గురించి.

గ్లియా అంటే గ్రీకు భాషలో జిగురు. 1856లో జర్మనీ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో మెదడులో న్యూరాన్ల సందుల్లో ఉన్న పదార్థానికి ‘నరాల జిగురు’ అనే అర్థం వచ్చేలా పేరు పెట్టాడు. సందులు పూడ్చే బంక అనుకున్నాడు పాపం. పేరు నిలిచిపోయింది, అర్థం మాత్రం తప్పని తేలింది. మెదడులో న్యూరాన్ల కన్నా గ్లియా పది రెట్లు ఎక్కువ అని చాలాకాలం పుస్తకాల్లో రాశారు, ఒకరిని చూసి ఒకరు. 2009లో బ్రెజిల్ శాస్త్రవేత్త సుజానా హెర్కులానో-హౌజెల్ బృందం నిజంగా లెక్క తీస్తే, మనిషి మెదడులో న్యూరాన్లు సుమారు 8,600 కోట్లు, న్యూరాన్లు కాని కణాలు కూడా దాదాపు అంతే అని వచ్చింది. లెడ్జరు టాలీ చేయకుండా పాత బ్యాలెన్సునే ఏళ్ళ తరబడి ముందుకు తీసుకెళితే ఏమవుతుందో బ్యాంకువాళ్ళకు చెప్పనక్కరలేదు.

ఈ గ్లియాలో రకాలున్నాయి. మెదడు, వెన్నుపాములో నక్షత్రం ఆకారంలో ఉండే ఆస్ట్రోసైట్లు ఉంటాయి. ఇవి రక్తనాళాలకూ న్యూరాన్లకూ మధ్య నిలబడి ఆహారం అందిస్తాయి, న్యూరాన్లు మాట్లాడుకున్నాక మిగిలిపోయిన రసాయనాలను పీల్చి శుభ్రం చేస్తాయి. మైక్రోగ్లియా అనేవి కావలివాళ్ళు. సూక్ష్మజీవులనూ చచ్చిన కణాలనూ మింగేస్తాయి. ఆలిగోడెండ్రోసైట్లు న్యూరాన్ తోకలకు కొవ్వు తొడుగు చుడతాయి. ఈ చివరి రెండింటినీ విడివిడిగా గుర్తుపట్టినవాడు స్పెయిన్‌కు చెందిన పియో దెల్ రియో హోర్తెగా, 1919-1921 మధ్య. మెదడు, వెన్నుపాము దాటి చేతులకూ కాళ్ళకూ వెళ్ళే నరాల్లో మాత్రం తొడుగు చుట్టే పని వేరే కణానిది. దాని పేరు ష్వాన్ కణం. 1839 ప్రాంతంలో దీన్ని వర్ణించిన థియోడార్ ష్వాన్ పేరు మీదుగా వచ్చింది. మన వేలూరు కథంతా ఈ ష్వాన్ కణం చుట్టూ నడుస్తుంది కనుక దీని దగ్గర కాస్త ఆగుదాం.

గుడియాత్తం పిల్లలకు ఇది చెప్పడం సులువు. మగ్గం ఉన్న ఇంట్లో కండెకు నూలు చుట్టడం చూసే ఉంటారు. నరంలోని పోగు, అంటే ఆక్సాన్, కండె అనుకోండి. ష్వాన్ కణం తన శరీరాన్నే పల్చటి పొరగా చేసుకుని దాని చుట్టూ మళ్ళీ మళ్ళీ చుట్టుకుంటుంది. ఆ చుట్లనే మైలిన్ అంటారు. ఒక ష్వాన్ కణం ఒక పోగు మీద ఒక చిన్న ముక్కను మాత్రమే చుడుతుంది, అది మిల్లీమీటరుకు అటూ ఇటూ. తర్వాత చిన్న ఖాళీ. మళ్ళీ ఇంకో ష్వాన్ కణం. ఆ ఖాళీలను రాన్వియర్ కణుపులు అంటారు. వార్త పోగు పొడవునా పాకుతూ పోకుండా కణుపు నుంచి కణుపుకు గెంతుతూ పోతుంది. తొడుగు లేని సన్న పోగులో వార్త వేగం సెకనుకు సుమారు ఒక మీటరు. తొడుగున్న లావు పోగులో సెకనుకు 100 మీటర్ల దాకా కూడా ఉంటుంది.

దీన్ని మీరే గమనించవచ్చు. కాలికి ముల్లు గుచ్చుకుంటే మొదట చురుక్కుమంటుంది, కాలు వెనక్కి లాగేస్తాం. సెకను గడిచాక సలుపు మొదలవుతుంది. ఆ మొదటిది తొడుగున్న పోగు తెచ్చిన వార్త, రెండోది తొడుగు లేని పోగు నింపాదిగా తెచ్చినది. తొడుగు లేనంత మాత్రాన ఆ రెండో రకం పోగులు అనాథలు కావు. వాటినీ ష్వాన్ కణాలే కొన్నిటిని గుత్తిగా పట్టుకుని ఒళ్ళో పెట్టుకున్నట్టు చూసుకుంటాయి. నొప్పి, వేడి, చలి తెలిపే పోగుల్లో చాలా భాగం ఇలాంటివే. ఈ మాట గుర్తుంచుకోండి, కాసేపట్లో అవసరం పడుతుంది.

ఈ మైలిన్ ఏర్పాటు వెన్నెముక గల జంతువుల్లోనే బాగా స్థిరపడింది. వాటిలోనూ దవడలు లేని అతి పాత జాతి చేపలు, లాంప్రే వంటివాటికి లేదు. వెన్నెముక లేని స్క్విడ్‌కు వేగం కావలసి వస్తే అది నరం పోగునే లావు చేసుకుంది, కొన్నిటిలో మిల్లీమీటరు దాకా. మనం కూడా ఆ పద్ధతే పట్టి ఉంటే వెన్నుపాము చెట్టుబోదె అంత అయ్యేది, మోయలేక చచ్చేవాళ్ళం. అంటే సన్నటి వెన్నుపాములో ఇంత వేగం ఇమడడం గ్లియా పుణ్యం.

ఇక అసలు సంగతికి వస్తాను. ష్వాన్ కణంలో కాపురం పెట్టడానికి ఇష్టపడే సూక్ష్మజీవి ఒకటుంది. 1873లో నార్వేలో హాన్సెన్ అనే వైద్యుడు దాన్ని కనుగొన్నాడు. అది కుష్ఠు వ్యాధి క్రిమి. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు పేరు ఎత్తడానికి కూడా భయపడి ‘పెద్దరోగం’ అనేవారే, అదే. తల్లిదండ్రులు ఇక్కడ పేజీ తిప్పేయవద్దని మనవి.

ఈ క్రిమి చాలా నిదానస్తురాలు. మామూలు పేగు క్రిమి 20 నిమిషాల్లో రెండింతలైతే దీనికి సుమారు 13 రోజులు కావాలి. చక్రవడ్డీ లెక్క వేసి చూశాను: ఏడాదికి 28 సార్లు రెట్టింపయితే ఒకటి కాస్తా 27 కోట్లకు దగ్గరవుతుంది. ఇది కాగితం మీద లెక్క మాత్రమే. నూటికి 95 మందికి పైగా మనుషుల్లో శరీర రక్షణ వ్యవస్థే దాన్ని నిలవనివ్వదు. మిగిలిన కొద్దిమందిలో కూడా వ్యాధి బయటపడడానికి సగటున ఐదేళ్ళు, ఒక్కోసారి 20 ఏళ్ళు పడుతుంది. ఇది వంశపారంపర్యం కాదు, పాపఫలం అంతకన్నా కాదు. దీన్ని ప్రయోగశాలలో గాజుగిన్నెలో పెంచడం నేటికీ సాధ్యం కాలేదు. 1960లో ఎలుక పాదంలోనూ, 1971లో అమెరికాలోని ఆర్మడిల్లో అనే పెంకు జంతువులోనూ పెంచగలిగారు. ఆర్మడిల్లోనే ఎందుకంటే దాని ఒళ్ళు మన ఒంటి కన్నా చల్లన. ఈ క్రిమికి చల్లదనం కావాలి.

ఆ చల్లదనమే నరాల కథకు తాళంచెవి. మన ఒంట్లో నరాలు ఎముకలను అంటిపెట్టుకుని చర్మానికి బాగా దగ్గరగా వచ్చే చోట్లు కొన్ని ఉన్నాయి. మోచేయి గోడకు తగిలితే జిల్లుమని చిటికెన వేలి దాకా కరెంటు కొట్టినట్టవుతుంది చూశారా, అక్కడున్నది అల్నార్ నరం. అలాగే మోకాలి పక్కన ఒకటి, చీలమండ లోపలి వైపు ఒకటి, ముఖంలో కనురెప్పను మూసే నరం ఒకటి. లోపలి శరీరం కన్నా అక్కడ వేడి తక్కువ. క్రిమి అక్కడి ష్వాన్ కణాల్లో చేరుతుంది. ఎలా చేరుతుందన్నది 1990ల చివర న్యూయార్క్‌లోని రాక్‌ఫెలర్ విశ్వవిద్యాలయంలో అనురా రంబుక్కన, ఆయన సహచరులు చాలావరకు విప్పారు. ష్వాన్ కణాల చుట్టూ లామినిన్ అనే మాంసకృత్తుల పొర ఉంటుంది. క్రిమి పై పూతలోని ఒక కొవ్వు పదార్థం సరిగ్గా ఆ పొరకు అతుక్కుంటుంది. తాళానికి సరిపోయే దొంగతాళంచెవి అన్నమాట.

లోపల చేరిన క్రిమి వెంటనే ఏమీ చేయదు. నెమ్మదిగా ష్వాన్ కణం తన పని మానేస్తుంది. ముందుగా దెబ్బ తినేది వేడి, నొప్పి తెలిపే ఆ సన్న పోగులు. అందుకే మొదట మచ్చ మీద స్పర్శ పోతుంది, సెగ తెలియదు. తర్వాత ఏదో ఒక రోజు శరీర రక్షణ వ్యవస్థ మేలుకుని క్రిమి దాగిన కణాల మీద దాడి చేస్తుంది. నరం వాస్తుంది. నరం చుట్టూ గట్టి తొడుగు ఉంటుంది కదా, వాయడానికి చోటుండదు. లోపలి పోగులు నలిగిపోతాయి. అంటే నరాన్ని చంపేది క్రిమి ఒక్కటే కాదు, దాన్ని పట్టుకోబోయి మన పోలీసులు చేసిన లాఠీచార్జి కూడా.

వేలూరులో జరిగినది

ఇంత వివరం ఇప్పుడు పుస్తకాల్లో ఉంది. 1940ల్లో వైద్యులు కూడా నమ్మినది వేరు. కుష్ఠు మాంసాన్ని తినేస్తుంది, వేళ్ళు వాటంతట అవే కుళ్ళి రాలిపోతాయి, ఆపరేషను చేసినా పుండు మానదు అనేవారు. 1946లో వేలూరు సి.ఎం.సి. ఆసుపత్రికి పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు వచ్చాడు. ఇంగ్లీషు దంపతుల బిడ్డే గాని పుట్టింది 1914లో మన కొల్లిమలలో. చెంగల్పట్టు కుష్ఠు ఆసుపత్రి చూడడానికి వెళ్ళినప్పుడు అక్కడి వైద్యుడు రాబర్ట్ కాక్రేన్, ఇందరు ఎముకల వైద్యులున్నారు, ఈ చేతుల గురించి ఎవరూ ఎందుకు పట్టించుకోలేదని నిలదీసినట్టు అడిగాడు. బ్రాండ్‌ను ఆ ప్రశ్న వదల్లేదు. చనిపోయిన రోగుల చేతులను కోసి పరిశీలిస్తే నరం పొడవునా ఒకేలా దెబ్బ తినలేదని, చర్మానికి దగ్గరగా వచ్చే ఆ కొన్ని చోట్లే లావెక్కి ఉందని కనబడింది. మోచేతి దగ్గర అల్నార్ నరం పోతే అరచేతిలోని చిన్న కండరాలు పడిపోతాయి, వేళ్ళు పంజాలా ముడుచుకుంటాయి. కాని మోచేతికి పైన విడిపోయిన నరాలు నడిపే ముంజేతి కండరాలు గట్టిగానే ఉంటాయి.

అలాగైతే పనిచేసే కండరం నరంబండను తెచ్చి పడిపోయిన కండరం చోట కలిపితే? 1948లో వేలూరులో అలాంటి ఆపరేషన్లు మొదలుపెట్టారు. ముడుచుకున్న చేతులు తెరుచుకున్నాయి. పుండ్లు మానవన్న మాట కూడా అబద్ధమని తేలింది, కట్టుకట్టి తగలకుండా కాపాడితే అందరి పుండ్లలాగే మానాయి. మరి వేళ్ళు ఎందుకు పొట్టివవుతున్నాయి? నొప్పి తెలియక. ఇనప గిన్నె వట్టి చేత్తో పొయ్యి మీద నుంచి దించుతారు, తుప్పు పట్టిన తాళంచెవి వేలు తెగేదాకా తిప్పుతారు, కాలి కింద మేకు ఉన్నా నడుస్తారు. దెబ్బ మీద దెబ్బ, చీము మీద చీము, లోపల ఎముక అరిగి వేలు కురుచవుతుంది. రాలిపడదు. 1951లో చికిత్స అయిన యువకుల కోసం వేలూరులో నవజీవ నిలయం అనే చిన్న కాలనీ పెట్టి వడ్రంగం వంటి పనులు నేర్పారు. అక్కడ కొందరికి రాత్రి పడుకున్నప్పుడు బాగున్న వేలు తెల్లారేసరికి కొరుక్కుపోయి ఉండేది. కాపలా ఉండి చూస్తే ఎలుకలు! మనిషికి మెలకువే రాలేదు. ఆ తర్వాత ఇంటికి వెళ్ళే రోగులకు పిల్లిని కూడా ఇచ్చి పంపేవారు. వైద్య చరిత్రలో ఇంత చవకైన చికిత్సా సాధనం ఇంకొకటి ఉంటుందా అనిపిస్తుంది నాకు.

1955లో కాట్పాడి అవతల కరిగిరిలో కుష్ఠు పరిశోధన కేంద్రం తెరిచారు. పేరులోనే ఏనుగు కొండ ఉంది, తెలుగువారికి విడమర్చి చెప్పనక్కరలేదు. ఆ కేంద్రం గుడియాత్తం తాలూకాను తన క్షేత్రంగా తీసుకుంది. మా ఎదురింటాయన ఆ పనిలోనే చేరారు. ఇల్లిల్లూ తిరిగి, ఇంట్లోవాళ్ళందరినీ వెలుతురులో నిలబెట్టి, ఒంటి మీద మచ్చలు చూసి, దూది కొసతో తాకి ‘తెలుస్తోందా, కళ్ళు మూసుకుని చెప్పు’ అని అడగడం. మోచేతి వెనక నరాన్ని వేళ్ళతో తడిమి లావు చూడడం. ‘నాయనా, మాకు మైక్రోస్కోపు లేదు, మా చూపుడువేలే మైక్రోస్కోపు’ అంటారాయన. ఇళ్ళలో తలుపులు వేసేసేవారట, ఆడపిల్లలున్న ఇంట్లో మరీను. వచ్చింది ఎవరో ఊళ్ళో తెలిస్తే సంబంధాలు తప్పిపోతాయని సైకిలును వీధి చివరే ఆపి నడిచి వెళ్ళేవారు. మా ఆవిడ అడిగింది, ‘మీకు భయం వేయలేదా అన్నయ్యగారూ’ అని. ‘నలభై ఏళ్ళు తాకానమ్మా, చేతులు చూడు’ అని రెండు అరచేతులూ చాచి చూపించారు.

అప్పట్లో డాప్సోన్ ఒక్కటే మందు, ఏళ్ళ తరబడి మింగాలి. క్రమంగా క్రిమి దానికి లొంగడం మానేసింది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రిఫాంపిసిన్, క్లోఫాజిమిన్, డాప్సోన్ కలిపిన బహుళౌషధ చికిత్సను సూచించింది. ఆ దశకంలోనే మన ప్రాంతానికీ వచ్చింది. వ్యాధి తీవ్రతను బట్టి ఆరు నెలలు లేదా 12 నెలలు వాడితే సరి. మందు మొదలెట్టిన కొద్ది రోజుల్లోనే ఇతరులకు అంటించే శక్తి దాదాపు పోతుంది.

అదే కాలంలో నేను గుడియాత్తంలో కౌంటరు మీద ఉండేవాణ్ణి. లుంగీల నేత పనిచేసే ఒకాయన ఖాతా ఉండేది. రెండు చేతుల చివరి వేళ్ళూ లోపలికి ముడుచుకుని ఉండేవి. ఆయన వస్తే లోపలికి రానివ్వకుండా బయటి బల్ల మీద కూర్చోబెట్టి, పాసు పుస్తకం అటెండరు చేత తెప్పించుకుని, డబ్బు అతని చేతే పంపడం ఆ ఆఫీసులో అలవాటు. ఎవరూ ఆర్డరు వేయలేదు, ఎవరూ రద్దు చేయలేదు. ఒకరోజు నేను బయటికి వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను. టీ కొట్టు కుర్రాడు పొగలు కక్కే గ్లాసు తెచ్చాడు. నేను తువ్వాలుతో పట్టుకున్నాను. ఆయన వట్టి చేత్తో నిండుగా పట్టుకుని మాట్లాడుతున్నాడు. అరచేతిలో రూపాయి బిళ్ళంత బొబ్బ అప్పటికే ఉంది. ‘ఇది ఎప్పటిదండీ’ అంటే చేయి తిప్పి తానే ఆశ్చర్యంగా చూసుకున్నాడు.

ఆయనకు తర్వాత చేతి ఆపరేషను జరిగింది. కొన్ని నెలలకు వచ్చినప్పుడు లోపలికే పిలిచాను. నోట్లు తానే లెక్కపెట్టుకున్నాడు, ఎంతో నెమ్మదిగా, ఒక్కో నోటూ కళ్ళార్పకుండా చూస్తూ. మనం నోటును వేలితో లెక్కపెడతాం, రెండు అంటుకుంటే వేలికే తెలుస్తుంది. ఆయన కన్నుతో లెక్కపెట్టాడు. నరంబండను మార్చితే కదలిక వచ్చింది గాని స్పర్శ రాలేదు. చచ్చిన నరాన్ని ఎవరూ తిరిగి తేలేరు. శస్త్రచికిత్స ఎంత గొప్పదో, దాని హద్దు ఎక్కడో నేను ఆ కౌంటరు దగ్గర చూశాను.

నరం చావకముందే పట్టుకుంటే లెక్క వేరు. వాపు మొదలై ఆరు నెలలు దాటకుండా ప్రెడ్నిసొలోన్ వంటి మందు ఇస్తే చాలామందిలో పోయిన బలం, స్పర్శ కొంతైనా తిరిగి వస్తాయి. ఈ వాపు మాత్రల కోర్సు నడుస్తుండగా రావచ్చు, పూర్తయ్యాక కూడా రావచ్చు. క్రిములు చచ్చినా వాటి శకలాల మీద కూడా శరీరం పోట్లాడుతుంది కనుక. ‘కోర్సు అయిపోయిందిగా’ అని చెయ్యి బలహీనపడుతున్నా ఊరుకోకూడదు.

తల్లిదండ్రులకు ఈ నాలుగు మాటలు విడిగా చెబుతున్నాను. మన దేశంలో 2005 చివరికి ఈ వ్యాధి పదివేల మందికి ఒకరి కన్నా తక్కువ స్థాయికి వచ్చిందని ప్రకటించారు. అది విని పోయిందనుకున్నాం. ఇప్పటికీ దేశంలో ఏటా సుమారు లక్ష కొత్త కేసులు బయటపడుతున్నాయి, ప్రపంచంలోని కొత్త కేసుల్లో సగానికి పైగా. అందులో పిల్లలూ ఉన్నారు. పిల్లల ఒంటి మీద చర్మం రంగు కన్నా లేతగానో ఎర్రగానో ఉన్న మచ్చ, దాని మీద దూది తాకినా తెలియకపోవడం, చిటికెన వేలు బలహీనపడడం, చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలియకపోవడం కనిపిస్తే దగ్గరలోని ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళండి. ప్రతి మచ్చా ఇదే కాదు, పిల్లల్లో తెల్ల మచ్చలకు వేరే మామూలు కారణాలు చాలా ఉంటాయి. చూసి చెప్పడానికి వాళ్ళున్నారు. మందు ఉచితం. ‘పెళ్ళి కావలసిన పిల్ల’ అని దాచిపెడితే పోయేది ఆ పిల్ల చేయి. ఇంకొకటి, కుష్ఠు ఉందన్న కారణంతో విడాకులు కోరే వీలును 2019లో పార్లమెంటు చట్టాల నుంచి తీసేసింది. ఇది చాలామందికి తెలియదు.

వెన్నుపాములో ఎందుకు కుదరదు

ఇక్కడ ఒక తెలివైన విద్యార్థి అడగవచ్చు: చేతిలో తెగిన నరాన్ని కలిపి కుడితే కొన్నాళ్ళకు స్పర్శ వస్తుందంటారు కదా, మరి వెన్నుపాము తెగినవాళ్ళు ఎందుకు లేవరు?

దానికీ వేలూరులోనే ఉదాహరణ ఉంది. సి.ఎం.సి.లో యువ వైద్యురాలు మేరీ వర్గీస్‌కు 1954లో రోడ్డు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని కాళ్ళు పడిపోయాయి. ఆమె చక్రాల కుర్చీలో కూర్చునే శస్త్రచికిత్స నేర్చుకుని, కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది. పునరావాస వైద్యంలో విదేశంలో శిక్షణ పొంది వచ్చి ఆ విభాగాన్ని నడిపింది. 1966లో వేలూరు దగ్గర బాగాయంలో పునరావాస కేంద్రం వెలిసింది, 1972లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. ఆమె కత్తి కింద ఉన్న చేతి నరానికీ, ఆమె వెన్నుపాముకూ తేడా న్యూరాన్లలో లేదు. చుట్టూ ఉన్న గ్లియాలో ఉంది.

చేతిలో నరం తెగితే ష్వాన్ కణాలు చావవు. చుట్టిన మైలిన్‌ను విప్పేసి, పాత చెత్తను శుభ్రం చేసి, వరుసగా నిలబడి గొట్టంలాంటి దారి చేస్తాయి. పోగు ఆ దారిలో రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. మణికట్టు దగ్గర తెగితే వేలి కొసకు చేరడానికి నెలలు పడుతుంది. ఓపిక ఉంటే వస్తుంది. మెదడు, వెన్నుపాములోని ఆలిగోడెండ్రోసైట్లు అలా చేయవు. వాటి మైలిన్‌లో పోగు పెరుగుదలను ఆపే పదార్థాలు ఉన్నాయని 1980ల్లో స్విట్జర్లాండ్‌లో మార్టిన్ ష్వాబ్ చూపించాడు. ఆస్ట్రోసైట్లు గాయం చుట్టూ మచ్చలా గోడ కడతాయి. ఆ గోడే శత్రువని చాలాకాలం అన్నారు. 2016లో ఎలుకలపై చేసిన పరిశోధనలో ఆ గోడను తీసేస్తే పోగులు పెరగకపోగా ఇంకా నష్టం జరిగిందని తేలింది. కాబట్టి ఆ తీర్పు మీద అప్పీలు ఇంకా నడుస్తోంది.

ఇందులో నాకు బాగా నచ్చిన ప్రయోగం 1980ల మొదట్లో కెనడాలోని మాంట్రియల్‌లో ఆల్బర్ట్ అగాయో, శామ్యూల్ డేవిడ్ చేసినది. ఎలుక కాలి నరం ముక్కను తెచ్చి వెన్నుపాముకు వంతెనలా అతికించారు. పెరగవు అనుకున్న వెన్నుపాము పోగులు ఆ ముక్కలోకి దూరి సెంటీమీటర్ల దూరం పెరిగాయి. దాన్ని దాటి మళ్ళీ వెన్నుపాములోకి వచ్చేసరికి కొద్ది దూరంలోనే ఆగిపోయాయి. పోగు అదే. పరిసరం మారితే గుణం మారింది. జీబ్రా చేపల్లోనైతే వెన్నుపాము తెగినా గ్లియా కణాలే సాగి వంతెన కట్టి కొన్ని వారాల్లో ఈదేలా చేస్తాయి. వెన్నెముక గల జంతువుల్లో ఇది మొదటి నుంచీ లేని శక్తి కాదు, మనం దారిలో పోగొట్టుకున్నది కావచ్చు.

సి.ఎం.సి.లో 1949లో డాక్టర్ జేకబ్ చాందీ దేశంలోనే మొదటి నాడీ శస్త్రచికిత్స విభాగాన్ని ప్రారంభించారు. మన చిత్తూరు జిల్లా నుంచి మెదడు గడ్డలతో వేలూరు వచ్చేవారిని చూస్తుంటాం. మెదడులోనే పుట్టే గడ్డల్లో పెద్ద భాగం గ్లియోమాలు, గ్లియా సంబంధమైన కణాల నుంచే పుడతాయి. పెద్దవాళ్ళలో న్యూరాన్లు విభజన చెందవు గాని గ్లియాకు ఆ శక్తి ఉంది. ఆ శక్తి అదుపు తప్పితే గడ్డ. ఇంతకు మించి ఈ విషయం లోతుకు పోను, అది వేరే వ్యాసం.

చివరగా నా బోటి వయసువాళ్ళకు పనికొచ్చేది. మధుమేహం ముదిరితే పాదాల్లో నరాలు దెబ్బతింటాయి, ష్వాన్ కణాలూ అందులో భాగస్థులే. క్రిమి లేదు, అంటువ్యాధి కాదు, ఫలితం మాత్రం ఆ నేతగాడి అరచేయి లాంటిదే. స్పర్శ లేని పాదం, తెలియని దెబ్బ, మానని పుండు. వేలూరులో కుష్ఠు రోగుల పాదాల కోసం అభివృద్ధి చేసిన మెత్తటి మైక్రోసెల్యులార్ రబ్బరు చెప్పులు ఇప్పుడు షుగరు రోగులకు రాసి ఇస్తున్నారు. కుష్ఠు రోగుల స్పర్శను కొలిచే నైలాను పోగు లాంటిదే షుగరు క్లినిక్కుల్లో మన పాదానికీ ఆనిస్తారు. పది గ్రాముల ఒత్తిడికి వంగే పోగు అది. నాకు మొన్న ఎడమ పాదంలో రెండు చోట్ల తెలియలేదు. అప్పటి నుంచి రాత్రి పడుకునే ముందు మనుమరాలు తెచ్చిచ్చిన చిన్న అద్దం నేల మీద పెట్టి రెండు అరికాళ్ళూ చూసుకుంటున్నాను. స్నానానికి నీళ్ళు కాగాయో లేదో కాలు పెట్టి కాదు, మోచేయి ముంచి చూడాలట. అక్కడ స్పర్శ ఆలస్యంగా పోతుంది.